రోకటి పోటు ఎవరిది?

విజయనగరం దగ్గర మా ఊళ్లో పెద్దమ్మ పాడిన దంపుడు పాటలు ఇరవై ఏళ్ల కిందట క్యాసెట్లలో పట్టుకున్నాను. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి శుభ్రం చేయబోతే, దొరికిన ప్రోగ్రాములు రోకటి పోట్లను కూడా టేపు మీది టిక్కులనుకుని మెత్తబరిచేసేవి. పోటు పోతే పాటకు తాళం ఉండదు. పాడుతూ ఒళ్లు పడ్డ కష్టమూ వినబడదు. అందుకని ఉద్యోగం చేసుకుంటూనే, రాత్రిళ్లు వంటిల్లు సర్దాక కూర్చుని, బుసబుసను తీసేసి పోటును ఉంచే ప్రోగ్రాం నేనే రాసుకున్నాను. మూడేళ్లు పట్టింది.

ఇప్పుడు దాని సోర్స్ కోడ్ అందరికీ ఇచ్చేయమంటున్నారు. ఎవరైనా చదివి, మార్చుకుని, పంచుకోవచ్చన్నమాట. "జ్ఞానం అందరిదీ కదా మేడం" అంది నా దగ్గర చదివిన అమ్మాయి. కాదనలేను. అయినా ఏడాదిగా చెయ్యి రావడం లేదు.

స్వార్థమేనా? కొంత ఉండొచ్చు. కానీ ఉచితం అన్న మాట వినగానే నాకు పెద్దమ్మ పాట గుర్తొస్తుంది. ఒక సంకలనంలో అది అచ్చయింది. సేకరించినాయన పేరుంది, పెద్దమ్మ పేరు లేదు. 'జానపదం' అని రాస్తే సరిపోయింది! ఇలా ఊరికే పోయినదాన్ని ఇచ్చింది అనగలమా? ఇవ్వాలంటే ముందు అది తనదని నలుగురూ ఒప్పుకోవాలి.

మన జిల్లాల్లో ఇచ్చిన మనిషంటే గిడుగు రామమూర్తి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవర భాష నేర్చి పుస్తకాలు రాశారు. 1911లో మద్రాసు ప్రభుత్వం వాటిని అచ్చువేసి డబ్బివ్వబోతే, దాంతో సవరలకు బడి పెట్టమన్నారు. గొప్ప పనే. అయితే ఆయన కాదనగలిగారంటే అది తన డబ్బని ఇచ్చేవాళ్లకూ తెలుసు గనకే. మరి ఆయన ఇంట్లో ఉండి ఆ భాష నేర్పిన మనిషి పేరు మనలో ఎంతమందిమి చెప్పగలం?

సాఫ్ట్‌వేర్ లోకంలో ఔదార్యానికీ తీరిక కావాలి. 2017లో గిట్‌హబ్ జరిపిన సర్వేలో, ఓపెన్ సోర్స్ పనిచేస్తున్నామన్నవాళ్లలో ఆడవాళ్లు 3 శాతమే. మిగతావాళ్ల సాయంత్రాల్లో అన్నం ఎవరు వండారో ఆ సర్వే అడగలేదనుకుంటాను.

ఈ కోపంతోనే లైసెన్సులు చదవడం మొదలుపెట్టాను. స్టాల్‌మన్ 1989లో తెచ్చిన జీపీఎల్ చదివితే నా అనుమానం కొంత తిరగబడింది. అది కాపీరైటును వదులుకోమనదు, దాని మీదే నిలబడుతుంది. రాసినవాళ్ల పేరు చెరపకూడదు. మార్చి ఇతరులకు పంచితే ఆ మార్పుల కోడూ వాళ్లకు అందివ్వాలి. అమ్ముకోవడానికి అభ్యంతరం లేదు గానీ మూసిపెట్టుకోవడం కుదరదు. అమెరికాలో ఒక విద్యార్థి, ఒక ప్రొఫెసర్ మొదలుపెట్టిన ఆడాసిటీ 2000 నుంచీ ఈ లైసెన్సుతోనే ఉంది. 2021లో మ్యూస్ గ్రూప్ చేతికి వెళ్లాక, వాడేవాళ్ల సమాచారం సేకరించే ఏర్పాటు తలపెడితే గోల లేచింది, ఆ ఏర్పాటు ఆగింది. కోడ్ తీసుకుని వేరు కాపురం పెట్టినవాళ్లూ ఉన్నారు. పెద్దమ్మ పాటకు ఆ గోల చేసే హక్కు ఎవరిచ్చారు?

కోడ్ ఇచ్చేద్దామనుకున్నాను. నా పేరు పైన ఉంటుంది, ఎవరూ దాన్ని తాళం వేసుకోలేరు. ప్రోగ్రాంతో పాటు నమూనాకు రెండు పాటలు కూడా పెట్టాలనుకుని పెద్దమ్మను అడగడానికి వెళ్లాను. గొంతులు ఏరుకుని యంత్రాలకు మాట నేర్పే రోజులివి. ఒకసారి బయటకెళ్లిన గొంతును వెనక్కి పిలవలేమని నాకొచ్చినట్టు చెప్పాను. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"ఏటే గుంటా, మిషను నీది, ఇచ్చుకో. పాట నా ఒక్కద్దానిదేటి? ఎనకాల పలికినోలందరినీ అడగాల."

ఆ మాట నాకెందుకు తట్టలేదో! నా ప్రోగ్రాం శ్రద్ధగా కాపాడిన పోట్లు పెద్దమ్మవి కావు, ఎదురుగా నిలబడి దంచినవాళ్లవి. ఆ లెక్కన నలుగురున్నారు. ఇద్దరు ఊళ్లోనే ఉన్నారు. ఒకావిడ సరేనంది, ఒకావిడ కోడలిని అడిగి చెబుతానంది. మూడో ఆవిడ కొడుకుతో చెన్నైలో ఉందట. నాలుగో ఆవిడ పోయింది. ఆమెకు పిల్లల్లేరు.

పోయిన నెల కోడ్ జీపీఎల్ కింద పెట్టేశాను. నమూనాకు నా గొంతుతో, మా ఇంటి రోకలితో ఒక పాట పట్టి పెట్టాను. బాగా రాలేదు. క్యాసెట్లు పెట్టెలోనే ఉన్నాయి.