తినకుండుటయే అహింసయా?

మన కుటుంబములలో మత్స్యమాంసములను ముట్టరు. ఇది తరతరములుగా వచ్చుచున్న ఆచారము, ప్రశంసింపదగినది. అయితే దీని చాటున ఒక తలంపు మనలో పాతుకొనిపోయినది. "చేపను తిననివానికి చేప చావుతో పని యేమి?" అని. ఈ తలంపు ధర్మపరీక్షకు నిలుచునా?

కృష్ణానది మనకు పరాయిది కాదు. బసవేశ్వరుల వచనములకు అంకితమైన కూడలసంగమదేవుని నామమే కృష్ణా మలప్రభల సంగమస్థలమునుండి వచ్చినది. అచటినుండి సాగిన కృష్ణయే అక్కమహాదేవి ఐక్యమందినదని పెద్దలు చెప్పు శ్రీశైలమును చేరుచున్నది. ఆ నీటిలో నేడు జరుగుచున్నదేమి?

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. వరిపైరు దానిలో సగమైనను గ్రహింపకపోవుట సామాన్యము. మిగిలినదానిలో కొంత గాలిలో కలియును. కొంత వానకు కొట్టుకొనిపోయి కాలువలగుండ నదికి చేరును. పట్టణముల మురుగు నత్రజనితోపాటు భాస్వరమును చేర్చును. హైదరాబాదు మురుగును మోసికొని వచ్చు మూసీ వాడపల్లియొద్ద కృష్ణలో కలియుచున్నది. ఈ ఎరువు తిని నాచు, గుర్రపుడెక్క దట్టముగ పెరుగును. అవి చచ్చి కుళ్లునపుడు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరించును. తెల్లవారుజామున ఆ కొరత మిక్కుటమై, చేపలు పైకి తేలి నోళ్లు తెరచుచు ప్రాణములు విడుచును.

అట్టి నీటిలోనికి పరదేశపు చేపలు ప్రవేశించినవి. మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశమునకు తెచ్చిరి. ప్రాణవాయువు తక్కువైన నీటిని అది ఓర్చుకొనును; తల్లి గ్రుడ్లను నోటిలో దాచి కాపాడును గనుక సంతతి త్వరగా విస్తరించును. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ ఇతర చేపలను మ్రింగును. గాలినే పీల్చి బ్రతుకగలదు. దాని పెంపకమును కేంద్రప్రభుత్వము 2000లో నిషేధించినది. గాజుతొట్టెలలో పాచి తినుటకై అమ్మెడి, జాలరులు దెయ్యపు చేప అని పిలిచెడి చేప కూడ నదులకు, చెరువులకు ఎక్కినది. దాని గట్టి పొలుసులకు వలలు చినుగును. ఈ విధముగ ఒక దోషము మరియొక దోషమునకు దారి తీయుచున్నది. మురుగు మన పరిగెలను, వాలుగలను బలహీనపరచును. ఆ మురుగును ఓర్చిన క్రొత్త చేప వాటి చోటు నాక్రమించును.

ఇందు ఆ చేప చేసిన పాపమేమి? అది తన స్వభావము ననుసరించి బ్రతుకుచున్నది. తొట్టె ఇరుకైనపుడు "పాపము, బ్రతకనీ" యని దానిని చెరువులో విడిచినవాడు దయ చేసితి ననుకొనెను. ఒక ప్రాణిపై చూపిన ఆ దయ వేయి ప్రాణులకు మృత్యువైనది. కావున దయకు ఎరుక తోడు కావలెను. ఎరుక లేని ఆచారము గ్రుడ్డిది; ఆచారము లేని ఎరుక కుంటిది.

"నేను వేసిన ఒక్క బస్తాతో నది చెడునా?" యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఇష్టలింగమును ఎవరి అరచేతిలో వారే ధరించి పూజింతుము. ఒకరి పూజ మరియొకరు చేయలేరు. కర్తవ్యము కూడ అట్టిదే. పదిమందితో పంచుకొన్నంతమాత్రమున నా వంతు దోషము నశింపదు. మరియు కాయకమనగా కేవలము శ్రమ కాదు. ఆ శ్రమ పరులకు కీడు కాకుండవలెను. శరణులలో పడవ నడపిన అంబిగర చౌడయ్య గలడు. నదిపై బ్రతుకువారి కాయకమును చెరచి మన కాయకము పవిత్రమని చెప్పుకొనగలమా?

ప్రసాదమును మెతుకైనను పారవేయరాదని మన పిల్లలకు నేర్పుదుము. పైరు గ్రహింపలేని ఎరువు పారవేసిన ప్రసాదము వంటిదే. పాదోదకముగ స్వీకరించు జలమును మురుగుగ తిరిగి యిచ్చుట ఏ దాసోహము? మట్టిని పరీక్షింపించి, తగినంత ఎరువును విడతలుగ వేయుట, కాలువగట్లపై గడ్డిని, చెట్లను పెరుగనిచ్చుట, పెంపుడు చేపలను చెరువులో విడువక అమ్మినవారికే తిరిగి యిచ్చుట, ఇవి ప్రతి గృహస్థునికి సాధ్యములు. మఠములు తమ కోనేళ్లలో ఊరు పేరు తెలియని చేపను వేయనీయకుండిన అదియు ధర్మబోధయే యగును.

చేపను తినకుండుట అహింసకు మొదటి మెట్టు. అది బ్రతుకు నీటిని చెరుపకుండుట రెండవ మెట్టు. మొదటి మెట్టుపైననే నిలిచి శిఖర మెక్కితి మనుకొనుట శరణధర్మము కాదు.