తుంబురు కోనలో బంగారు బల్లి



ఫాల్గుణ పౌర్ణమి నాడు తిరుమల కొండల్లో తుంబురు తీర్థ ముక్కోటి. పాపవినాశనం దాటాక అడవి దారి. పోనుపోను రెండు పక్కలా రాతిగోడలు నిట్టనిలువుగా లేస్తాయి, మధ్యలో వాగు. ఒకచోట మోకాలిలోతు నీళ్లు, ఇంకోచోట కాలు జారే పాచిబండలు.

2010లో ఈ శేషాచలం అడవిని బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. అయితే ముక్కోటి నాడు అడవి జంతువుల్ని చూద్దామని వెళ్లినవాడికి కనిపించేవి ముందు నడిచేవాళ్ల సంచులే! గోవిందనామాలు కాస్త దూరం జరిగేదాకా ఓ బండ మీద కూర్చోవాలి. అప్పుడు అదృష్టముంటే పైకొమ్మల్లో బెట్టుడుత దూకుతుంది. తోకతో కలిపి మీటరు దాకా ఉండే ఉడుత అది.

నా మనసు మాత్రం బంగారు బల్లి మీదే. తూర్పు కనుమల సొత్తు అది. తడి, నీడ ఉన్న రాతి చీలికలంటే దానికి ఇష్టం. పగలంతా లోపలే ఉండి, చీకటి పడ్డాక బయటికొస్తుంది. జతకట్టే కాలంలో మగబల్లి పసుపు ముద్దలా మెరుస్తుందట. పగటి నడకలో మనకు దొరికేది బల్లి కాదు, దాని ఆనవాలు. వంగిన బండ కిందికి తొంగిచూస్తే, రాతికి అంటించినట్టు తెల్లటి గుడ్లు గుంపుగా కనిపించవచ్చు. అనేక బల్లులు ఒకేచోట పెట్టినవి అవి.

ఈసారి వెళ్తే వంగి చూడండి. వేలు మాత్రం పెట్టకండి.