మొక్కకు అబద్ధం చెప్పవచ్చా?

మా ఆశ్రమ పాఠశాలలో ఒక సాయంత్రం పదో తరగతి పిల్లలను కూర్చోబెట్టి మొక్కల హార్మోన్ల పాఠం చదివిస్తున్నాం. ఆక్సిన్, జిబ్బరెల్లిన్, సైటోకైనిన్, ఇథిలీన్, అబ్సిసిక్ ఆమ్లం. పట్టిక బట్టీ పట్టించడమే మాకూ అలవాటు. ఆ రోజు ఎందుకో స్ట్రాబెర్రీ సంగతి ఎత్తాం. విశాఖ మన్యంలోని లంబసింగిలో చలికాలం ఈ పంట తీస్తారు. మన సిర్పూర్ (యు), తిర్యాణి దిక్కు కూడా చలి గట్టిగానే ఉంటుంది కదా, మనకెందుకు పండదని పిల్లలు లోగడ అడిగి ఉన్నారు.

స్ట్రాబెర్రీలో మనం తినే ఎర్రటి కండ నిజానికి పువ్వు అడుగు భాగమే. అది ఉబ్బి కండ అవుతుంది. పైన నువ్వుల్లా అంటుకొని కనిపించేవే అసలు కాయలు, ఒక్కోదానిలో ఒక్కో గింజ. నిట్ష్ అనే శాస్త్రవేత్త 1950లో ప్రచురించిన ప్రయోగాల్లో పిందె మీది ఈ గింజలను తీసేసి చూశాడు. అన్నీ తీస్తే కండ పెరగలేదు. కొన్ని ఉంచితే వాటి చుట్టూ మాత్రమే ఉబ్బింది. గింజలు తీసిన పిందెకు ఆక్సిన్ లాంటి పదార్థం కలిపిన లేపనం పూస్తే మళ్లీ పెరిగింది. అంటే గింజ కబురు పెడితేనే కండ పెరుగుతుంది. ఆ కబురే ఆక్సిన్. ఇవాళ పూత నిలవడానికి, పిందె రాలకుండా ఉండడానికి కొట్టే మందుల్లో కొన్ని ఈ కబురునే సీసాలో పోసి ఇస్తున్నాయి.

ఇది విన్న ఒక అమ్మాయి లేచి, “అంటే సార్, గింజ లేకున్నా ఉన్నదని మొక్కకు అబద్ధం చెప్పినట్టే కదా?” అని అడిగింది. మేం ఏదో అనబోయేలోగా అన్నం గంట కొట్టారు. గంట మమ్మల్ని కాపాడింది గానీ ప్రశ్న వదలలేదు.

మందు అంతా చెడు, మన పాత పద్ధతి అంతా మంచి అని చెప్పేస్తే సులువే. మన సభల్లో ఆ మాటకు చప్పట్లు కూడా పడతాయి. కానీ మా అవ్వ మామిడికాయలను వరిగడ్డిలో కప్పి మాగేసేది. కాయల్లోంచి వచ్చే ఇథిలీన్ ఆ గడ్డి కింద నిలిచి మిగతా కాయలను పండిస్తుంది. అవ్వకు పేరు తెలియదు గానీ వాడింది హార్మోన్‌నే. మొక్కకు మనసు లేదు, కాబట్టి అబద్ధమన్న మాటే కుదరదని ఇంకొందరు అంటారు. చెట్టు కొట్టే ముందు మొక్కి అడిగే ఇళ్లలో, కొత్త చేయనిదే మామిడికాయ ముట్టని ఇళ్లలో పుట్టిన మాకు అదీ సరిపోదు.

అబద్ధపు కూత మన పెద్దలకు తెలియనిది కాదు. మా తాత కౌజుపిట్టలా కూసి కౌజులను పిలిచేవాడు. అవి వచ్చేవి, ఉచ్చులో పడేవి. కానీ గుడ్లు పెట్టే కాలంలో కూసేవాడు కాదు. అడిగితే కారణం చెప్పేవాడు కాదు, “ఇప్పుడు పిలవద్దు” అనేవాడు, అంతే.

ఎక్కువ పిలిస్తే ఏమవుతుందో జపాన్ వరి రైతులు చూశారు. కొన్ని నారుమొక్కలు పాలిపోయి, పక్కవాటికంటే పొడుగ్గా సాగి, గింజ పట్టకుండానే పోయేవి. దానికి వాళ్లు ‘వెర్రి నారు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. మొక్కలో చేరిన ఒక బూజు వదిలే పదార్థమే దీనికి కారణమని 1926లో కురొసావా కనిపెట్టాడు. 1935లో యబుత దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. స్ట్రాబెర్రీ మీద పూత ముందుగా రావడానికి, నర్సరీలో తీగలు ఎక్కువగా సాగడానికి కొట్టేది ఈ జిబ్బరెల్లిక్ ఆమ్లాన్నే. మోతాదు మించితే అక్కడా కాడలు సన్నగా సాగిపోతాయి.

మన ఆదిలాబాద్, కరీంనగర్ రైతుకు స్ట్రాబెర్రీ దూరం గానీ పత్తి దగ్గర. పత్తిలో పూత, పిందె రాలకుండా నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం కొడతారు. ప్లానోఫిక్స్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. అందులో మందు 4.5 శాతం. నాలుగున్నర లీటర్ల నీళ్లకు ఒక్క మిల్లీలీటరు కలిపితే పది లక్షల పాళ్లకు పది పాళ్లు అవుతుంది. మూతతో అందాజా పోసే మందు కాదిది. ఇదే ఆమ్లాన్ని ఆపిల్ తోటల్లో పిందెలు పలచబరచడానికి, అంటే కావాలని రాల్చడానికి కూడా వాడతారు. గడ్డిమందు 2,4-డి కూడా ఆక్సిన్ జాతిదే. ఒక ఏడాది మా తమ్ముడు మక్క చేనులో 2,4-డి కొట్టిన పంపును సరిగా కడగకుండా పత్తికి వాడాడు. వారం తిరగకముందే పత్తి ఆకులు బెండాకుల్లా చీలి సన్నబడ్డాయి. పంపు అడుగున మిగిలిన కాస్త మందు చాలింది. ఆ ఏడు బాపు చేను దిక్కు పోవడం మానేశాడు.

అయితే మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది పత్తి పిందె రాల్చడమే. నేలలో పదును లేనప్పుడు, తిండి చాలనప్పుడు పత్తి మోయగలిగినన్ని కాయలు ఉంచుకొని మిగతావి వదిలేస్తుంది. అది రోగం కాదు, దాని లెక్క. ముసురు పట్టి ఎండ లేక రాల్చినప్పుడు, పదునూ ఎరువూ ఉన్న చేనులో ‘వదలకు, నేనున్నా’ అని మందు కొడితే అది అబద్ధం కాదు, మాట ఇవ్వడం. వాన లేక నేల నెర్రెలిచ్చినప్పుడు అదే మందు కొడితే, తిండి లేని ఇంటికి చుట్టాలను పిలిచినట్టు. ఆ అమ్మాయికి మేం చెప్పగలిగిన జవాబు ఇంతవరకే. సీసా ఒకటే, మాట ఒకటే, వెనక నీళ్లు ఉన్నాయా లేదా అన్నదే తేడా.

ఇంకో అబద్ధం ఉంది, అది మొక్కకు చెప్పేది కాదు. మండలంలో ఒక దుకాణంలో మా బాపుకు ‘బయో’ మందని ఒక సీసా ఉద్దెర ఇచ్చారు. కాయ లావైతదన్నారు. ఏం మందో చెప్పలేదు, సీసా మీదున్నది బాపు చదవలేడు. కేంద్రం 2021లో ఇలాంటి బయోస్టిమ్యులెంట్లను 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. మేం పిల్లలకు ఏళ్ల తరబడి హార్మోన్ల పట్టిక అప్పజెప్పించాం. మా ఇంటి అటక మీది సీసాను మాత్రం తిప్పి చూడలేదు. ఈ తప్పు దుకాణదారుది ఒక్కడిదే అనలేం.

దండారికి ఇళ్లకు పోయే పిల్లలకు ఈసారి ఒక పని చెప్పాం. సీసాలు ముట్టవద్దు, తేవద్దు, వాటి మీద ఉన్నది పెద్దవాళ్లు పట్టుకుంటే చూసి నోటు పుస్తకంలో రాసుకు రండి అన్నాం. వచ్చాక చూస్తే కొందరు మందు పేరు, శాతం, మోతాదు రాశారు. చాలామంది కంపెనీ పేరు దగ్గరే ఆగారు. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి సీసా మీది పత్తికాయ బొమ్మ వేసి, ధర రాసి, కింద ఒక్క వాక్యం రాసింది: “లోపల ఏమున్నదో రాయలేదు సార్, మా బాపు రెండు డబ్బాలు కొట్టిండు.”