ముచ్చట పనిముట్లు – ఇంటి పద్దు

వర్తకునకు లెక్కయే ప్రాణము. అంగడిలో వచ్చిన ప్రతి రూపాయి, పోయిన ప్రతి రూపాయి ప్రొద్దు గ్రుంకునప్పటికి చిట్టా కెక్కును. కాని అదే వర్తకుడు తన ముచ్చట కొరకు కొనుక్కొన్న వస్తువులకు పద్దు వ్రాసుకొనుట అరుదు. ఇది చిన్న విషయమని తోచవచ్చును. అయినను ఇందులో ధర్మమునకు సంబంధించిన ప్రశ్న యొకటి ఇమిడియున్నది. సంపాదించినవాడు తన సంతోషమునకై చేయు ఖర్చులో ఇల్లాలి మాటకు చోటున్నదా? ఉన్నచో ఎంతవరకు?

ముచ్చట తప్పు కాదని మొదటనే చెప్పుకొనవలెను. యాభై యేండ్లు దాటి, అంగడి భారము కొంత కుమారుల చేతికి వచ్చిన తరువాత చాలమంది ఏదో ఒక చేతిపని పట్టుకొందురు. ఒకరికి పాత గడియారములు బాగుచేయుట, ఒకరికి ఫోటోలు తీయుట, ఒకరికి వడ్రంగము. దినమంతయు బేరసారములతో విసిగిన మనస్సు ఒక గంట చెక్కకు చిత్రిక పట్టుటలో కుదుట పడును. దీనిని పేకాటతో జమకట్టుట అన్యాయము. అయితే చేతిపని వేరు, దాని పనిముట్లపై మోజు వేరు. మొదటిదానికి ఒక రంపము, రెండు మూడు ఉలులు, ఒక చిత్రిక, సుత్తి, మూలమట్టము చాలును. రెండవదానికి ఎన్ని యున్నను చాలవు.

తత్త్వార్థసూత్రము పరిగ్రహమును నిర్వచించునపుడు వస్తువును లెక్కించలేదు. వస్తువుపై గల మూర్ఛనే పరిగ్రహమన్నది. దినము పనిచేయు ఉలి ఉపకరణము. పెట్టెనుండి బయటికి రాని ఉలి పరిగ్రహము. అంగడిలో ఆరు నెలలు కదలని సరకును చూచి బెంగపడు వర్తకుడు, ఇంటి అటకమీద కదలని పనిముట్లను చూచి మురిసిపోవుట వింత గదా! రూ. 4,800 పెట్టి కొన్న బెజ్జములు వేయు యంత్రమును ఏడాదిలో ఆరుమార్లు వాడినచో, మొదటి యేట ఒక్కొక్క మారునకు రూ. 800 పడినట్లే. ఈ లెక్క వేయుటకు పెద్ద చదువు అక్కరలేదు.

ఒక పప్పుధాన్యముల వర్తకుడు ఇట్టి యంత్రమును కొని, గోదాములో బస్తాల వెనుక దాచెననుకొందము. ఒకనాడు అది ఇల్లాలి కంట పడినది. ధర యెంతయని ఆమె అడుగకముందే ఆయన "పద్దెనిమిది వందలే" అన్నాడు. ఆమె అన్నది: "ఏమండీ, నేను ధర అడగలేదు. దాచడం ఎందుకని అడుగుతున్నాను."

ఈ మాటకు సమాధానము చెప్పుట కష్టము. సత్యాణువ్రతమునకు పెద్దలు చెప్పిన అతిచారములలో కూటలేఖ యొకటి, అనగా దొంగ లెక్క వ్రాయుట. ఇంటిలో తగ్గించి చెప్పిన ధర దానికి దగ్గరి చుట్టమే. పోయిన మూడువేలు మరల సంపాదించవచ్చును. "ఈయన చెప్పిన అంకె నిజమేనా?" యను సందేహము ఒకసారి ఇంట ప్రవేశించినచో, అది మందులకిచ్చిన డబ్బు వరకు, పిల్ల పెండ్లి లెక్క వరకు వెంబడించును.

"సంపాదన నాది, ఖర్చు నా యిష్టము" అని కొందరందురు. వారు వర్తకరీతినే ఆలోచించవలెను. వ్యాపారము దెబ్బతిన్నపుడు మొట్టమొదట తాకట్టునకు పోవునది ఎవరి గాజులు? 1956 నాటి హిందూ వారసత్వ చట్టము జైనులకును వర్తించును. స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణ హక్కు నిచ్చినది. స్త్రీధనము భార్యదేనని సుప్రీంకోర్టు 1985లో స్పష్టముగా తీర్పు చెప్పినది. కావున ఆమె తన బంగారమును తీసి యిచ్చునపుడు అది భర్త హక్కు వలన గాదు, ఆమె మంచితనము వలన. అనగా కుటుంబపు అప్పునకు ఆమెయే జామీనుదారు. జామీనుదారుకు లెక్క చూపనని చెప్పగల వర్తకుడెవ్వడు?

అట్లని ఉలి కొనుటకు కూడ మగవాడు చేయి చాచి అడుగుకొనవలసి వచ్చినచో అందులో మర్యాద లేదు. జామీనుదారుకు లెక్క చూచు హక్కు గలదు గాని, దినదినము గల్లాపెట్టె ముందు కూర్చుండి శాసించు హక్కు లేదు. పైగా ఇల్లాలి అభిప్రాయము ఎల్లప్పుడు సరియైనదే కానక్కరలేదు. పనికిరాని దుబారా యని ఆమె తలచినది ఆయన ఆరోగ్యమునకు ఆధారమై యుండవచ్చును. తీయని బీరువాలో ఆమె పట్టుచీరలును అటకమీది ఉలుల వంటివే కావచ్చును.

ఉపాసకదశాంగములోని ఆనంద శ్రావకుని కథ ఇందుకు దారి చూపును. కోట్లకొలది బంగారము, గోవుల మందలు గల ఆ గృహస్థుడు మహావీరస్వామి సన్నిధిని సర్వమును త్యజించలేదు. నాగళ్లు ఇన్ని, బండ్లు ఇన్ని యని అంకెలతో పరిమితి చెప్పుకొన్నాడు. తరువాత ఇంటికి పోయి భార్య శివానందకు ఆ సంగతి తెలిపెను. ఆమెయు పోయి స్వయముగా వ్రతములు స్వీకరించెను. ఇక్కడ గమనింపదగినవి రెండు. ఆయన తన పరిమితిని ఆమెకు దాచలేదు. ఆమె వ్రతమును ఆమెయే స్వీకరించెను.

మన యిండ్లలోను ఇదే క్రమము చెల్లును. ఇంటి వెచ్చము, చదువులు, వైద్యము, దానధర్మములు, చెడ్డకాలమునకు నిలవ – ఇవి ముందు తీసివేయవలెను. మిగిలిన దానిలో ముచ్చటలకని ఇద్దరికి సమానముగా రెండు పద్దులు ఏర్పరచవలెను. "నాకెందుకండీ" అని ఇల్లాలు అన్నను ఆమె పద్దు ఆమె పేరనే నిలువ యుండవలెను. యాత్రకో, పుస్తకములకో, కుట్టుపనికో ఆమెయే వాడుకొనును. పరిమితికి లోబడినంతవరకు ఒకరినొకరు ప్రశ్నింపరాదు. పరిమితి దాటు కొనుగోలుకు ముందుగా ఇద్దరును కూర్చుండి మాటలాడవలెను. క్రొత్త పనిముట్టు వచ్చినపుడు వాడని పాతది అమ్మివేయుటయో, దానిమీద జీవనము చేయు వడ్రంగికి ఇచ్చివేయుటయో మంచిది. వ్యాపారము తగ్గిన యేట ముందు తగ్గవలసినది ముచ్చట పద్దే గాని, పిల్లల చదువు గాదు.

పరిమితి సంతోషమునకు శత్రువు గాదు. దాచి కొన్న యంత్రమును మగడు చప్పుడగునని భయపడుచు వాడును. చెప్పి కొన్నదానిని ముంగిట కూర్చుండి వాడును. దానితో చేసిన పీటమీద ఇల్లాలు కూర్చుండి కూరలు తరుగును. వీరనిర్వాణ దినమగు దీపావళికి క్రొత్త ఖాతాపుస్తకములు తెరచునపుడు, అంగడి లెక్కతోపాటు ఈ రెండు చిన్న పద్దులను కూడ ఆలుమగలు కలిసి వ్రాసుకొందురు గాక.