రోజుకు రెండుసార్లు దీవి

ప్రయాణానికి ముందు మనం కేలండరులో రాహుకాలం, వర్జ్యం చూసుకుంటాం కదా. ఇంగ్లండులో మా చెల్లెలి ఇంట్లో ఆ పొద్దున్న అందరం ఒక కాగితం మీదికి వంగి సముద్రం వేళలు చూసుకున్నాం. ఏ గంటనుంచి ఏ గంటవరకు దారి తేలి ఉంటుందో, ఎప్పుడు మునిగిపోతుందో అందులో వరసగా అచ్చు వేసి ఉంది. “రాహుకాలంలో బయల్దేరితే ఏమవుతుందో నాకు తెలీదు గానీ వదినగారూ, ఈ వేళ తప్పితే మాత్రం కారు మునుగుతుంది” అన్నాడు మా మరిది నవ్వుతూ.

మేం బయల్దేరింది లిండిస్‌ఫార్న్‌కి. పవిత్ర ద్వీపం అని కూడా అంటారు దాన్ని. న్యూకాసిల్ నుంచి ఉత్తరంగా కారులో గంటన్నర ప్రయాణం. పోటు వచ్చినప్పుడు అది దీవి. ఆటు తీసినప్పుడు నేలతో కలిసిపోయిన ఊరు. రోజుకు రెండుసార్లు అలా, రెండుసార్లు ఇలా. ఈ సంగతి బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన తన చరిత్ర గ్రంథంలోనే రాసిపెట్టాడు. నేను నరసాపురంలో పుట్టి పెరిగినదాన్ని. గోదావరి రేవులో పోటుకి మెట్లు మునగడం, ఆటుకి బురద తేలడం చిన్నప్పట్నుంచీ చూసినదే. కానీ ఊరికి ఊరే ఆటుపోట్ల చెప్పుచేతల్లో ఉండడం మాత్రం అక్కడే చూశాను.

అక్కడికి రోడ్డు పడింది 1954లో. అంతకు ముందు తడి ఇసుకలోనే రాకపోకలు. ఇసుకలో పాతిన గుంజల వరస ఇప్పటికీ ఉంది. యాత్రికులు చెప్పులు చేత పట్టుకుని ఆ గుంజల వెంటే నడిచి వెళతారు. దారి మధ్యలో పొడుగాటి కాళ్లమీద నిలబెట్టిన ఒక చిన్న చెక్కగది, దానికో నిచ్చెన. వేళ లెక్కచేయకుండా వచ్చి నీళ్లలో చిక్కుకున్నవాళ్లు ఎక్కి కూచోడానికట. ఎంత చెప్పినా వినకుండా చిక్కుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారట. మనిషి ఎక్కడైనా మనిషే కదా అనుకున్నాను.

ఊళ్లో ఉండేవాళ్లు నూటయాభైమందికి కాస్త అటూ ఇటూ. ఎర్రరాతి మఠం శిథిలాలు, పక్కనే చర్చి, దూరంగా గుట్టమీద కోట, ఒడ్డున తిరగేసిన పాత పడవలు. వాటిని సామాన్ల కొట్లుగా వాడుకుంటున్నారు. ఆస్వాల్డ్ అనే రాజు పిలిస్తే, 635లో అయోనా ద్వీపం నుంచి ఏడన్ అనే సన్యాసి వచ్చి ఇక్కడ మఠం పెట్టాడు. 793లో సముద్రం మీంచి వచ్చిన వైకింగులు దాన్ని దోచుకున్నారు. పుస్తకాల్లో చదివిన ఈ సంవత్సరాలన్నీ ఆ గాలిలో నిలబడితే వేరేగా అనిపిస్తాయి. ఇంత గాలిలో ఇక్కడ మనుషులు ఎలా ఉండగలిగారా అని మొదట ఆశ్చర్యం, ఎందుకున్నారా అని తర్వాత ఆశ్చర్యం.

పిల్లలు కోట చూస్తామని పేచీ పెట్టారు. మా చెల్లెలు నన్ను ఒడ్డున ఒక రాతిమీద కూర్చోబెట్టి, “నువ్వు హాయిగా కూచో అక్కా, వీళ్లని తిప్పుకొస్తాం” అని వాళ్ల వెనక పరిగెత్తింది. నేను చుట్టాన్ని కదా, నాకు ఆ మర్యాద దక్కింది.

ఎదురుగా, ఒక్క కేకవేటు దూరంలో, చిన్న రాతిగుట్ట. దానిమీద ఒక శిలువ. ఆటు తీసినప్పుడు దాని మీదికీ నడిచి వెళ్లచ్చు. ఆ గుట్టకి కత్‌బర్ట్ పేరు పెట్టారు. ఏడన్ తర్వాత ఈ మఠానికి వచ్చిన సన్యాసులందరిలోకీ పేరుపొందినవాడు ఆయనే. మఠంలో అందరి మధ్యా ఉండలేక, మొదట ఆ గుట్ట మీదికి వెళ్లి ఒంటరిగా కూచునేవాడని చెబుతారు. దీవి చాలక, దీవి పక్కన ఇంకో దీవి! అదీ చాలలేదు. 676లో ఇంకా దూరంగా సముద్రంలో ఉన్న ఫార్న్ ద్వీపానికి వెళ్లిపోయాడు. అక్కడ తన గది చుట్టూ మనిషెత్తు దాటిన గోడ కట్టుకున్నాడు. లోపల నేలని ఇంకా లోతుగా తవ్వి, తలెత్తితే ఆకాశం తప్ప మరేమీ కనబడకుండా చేసుకున్నాడని బీడ్ రాశాడు.

నిజం చెప్పొద్దూ, నాకు మొదట ఒళ్లు మండింది. మఠంలో పనీపాటా, రోగులూ వృద్ధులూ ఉండే ఉంటారు కదా. అందర్నీ వదిలి గోడ కట్టుకు కూచున్నవాణ్ణి మహాత్ముడన్నారు. అదే పని ఒక ఆడది చేస్తే ఏమనేవారో మీకు నేను చెప్పాలా? గోడదాకా ఎందుకు, మధ్యాహ్నం ఒక్క గంట గది తలుపు వేసుకుంటే చాలు. “ఒంట్లో బాగాలేదా?” అని ఒకరు, “ఎవరిమీద అలక?” అని ఇంకొకరు.

అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

మా ఇంట్లో లోపలినుంచి గడియ ఉన్న గది ఒక్కటే, దేవుడి గది. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక అమ్మ అందులోకి వెళ్లి తలుపు వేసుకునేది. గంటకి గానీ బయటికి వచ్చేది కాదు. “మీ అమ్మకి భక్తి ఎక్కువ” అని మా నాన్నగారు వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవారు. నాకు పదేళ్లప్పుడనుకుంటాను, ఆకలేసి తలుపు కొట్టబోయి, ముందు కిటికీ సందులోంచి తొంగిచూశాను. దీపం వెలిగించలేదు. పుస్తకం తెరవలేదు. అమ్మ గోడకి చేరబడి, కాళ్లు బారజాపుకుని, ఎటూ చూడకుండా ఊరికే కూచుని ఉంది. నాకెందుకో భయం వేసి గట్టిగా తలుపు బాదేశాను. వచ్చి తీసింది. “పూజ చెయ్యట్లేదుగా!” అన్నాను, దొంగని పట్టుకున్నదాన్లా. అమ్మ నా నోటిమీద చెయ్యి పెట్టి, “దేవుడి పేరు చెబితే తప్ప తలుపు వేసుకోనివ్వరు కదే” అంది.

ఆ మాట నాకు అర్థం కావడానికి నేనూ ఒక ఇంటిదాన్ని కావలసి వచ్చింది.

కత్‌బర్ట్‌ది ప్రార్థన కాదని నేననను. ఆయన ప్రార్థన ఆయనది. నేననేదల్లా ఒకటే. దేవుడి పేరు మీద అడిగితే ఏకాంతం తపస్సు అయింది, తన పేరు మీద అడిగితే స్వార్థం అయింది. అడిగే అవసరం మాత్రం రెండు చోట్లా ఒకటే కావచ్చు. ఈ దీవిమీదే ఎనిమిదో శతాబ్దం మొదట్లో ఈడ్‌ఫ్రిత్ అనే బిషప్పు, దూడచర్మం ఆకులమీద సువార్తలు ఒక్కచేత్తో రాసి, బొమ్మలు వేశాడంటారు. ఆ పుస్తకం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 250కి పైబడిన ఆ ఆకుల్లో ఒక్కొక్క పేజీ చూస్తుంటే కళ్లు చెదురుతాయి. దాన్ని రాస్తున్నంతకాలం ఆయనకి ఎవరో భోజనం వండిపెట్టి ఉంటారు, ఎవరో తలుపు కొట్టకుండా ఆగి ఉంటారు. కుక్కరు కూతల మధ్య నవలలు రాసుకునేదాన్ని, నాకు ఆ సంగతే ముందు తోచింది!

అయితే కత్‌బర్ట్ కథలో రెండో సగం ఉంది. గోడ కట్టుకున్న ఆయనే, ఆ ద్వీపం రేవు దగ్గర వచ్చేవాళ్లకోసం ఒక విడిది కూడా కట్టాడు. కష్టాలు చెప్పుకోడానికి జనం పడవలమీద వస్తూనే ఉండేవారు. ఆయన వాళ్ల కాళ్లు కడిగేవాడు, చెప్పింది వినేవాడు. బిషప్పుగా ఉండమంటే ఎన్నాళ్లో ససేమిరా అన్నాడు. చివరికి ఎగ్‌ఫ్రిత్ రాజు స్వయంగా పడవెక్కి వచ్చి మోకాళ్లమీద బతిమాలితే కన్నీళ్లతో బయటికి వచ్చాడు. 685లో పదవి తీసుకుని, రెండేళ్లకి తక్కువగా ఊరూరూ తిరిగి, 686 క్రిస్మస్ వెళ్లాక మళ్లీ తన గోడల మధ్యకి చేరుకున్నాడు. 687 మార్చి 20న అక్కడే కన్నుమూశాడు. తన శరీరం చుట్టడానికి వెర్కా అనే మఠాధిపతురాలు పంపిన నారబట్ట దాచి ఉంచాననీ, అదే వాడమనీ ముందే చెప్పాడు. ఆల్‌ఫ్లెడ్ అనే మరో మఠాధిపతురాలు మాట్లాడాలని కబురుచేస్తే, పడవమీద కోకెట్ ద్వీపానికి వెళ్లి కలిశాడు కూడా.

ఈ ఇద్దరు స్త్రీల సంగతీ ఎందుకు చెబుతున్నానంటే, మర్నాడు డర్హం వెళ్లాం. వైకింగుల భయానికి 875లో సన్యాసులు ఆయన శవపేటిక మోసుకుని లిండిస్‌ఫార్న్ వదిలిపోయారు. ఎక్కడెక్కడో తిరిగి, 995లో అది డర్హం చేరింది. అక్కడి మహా చర్చిలో, లోపలికి అడుగుపెట్టిన కాసేపటికే, నేలమీద అడ్డంగా ఒక నల్లరాతి పట్టీ కనబడుతుంది. మఠం ఉన్న రోజుల్లో ఆడవాళ్లు ఆ గీత దాటి ఆయన సమాధివైపు వెళ్లకూడదు. ఆయనకి ఆడవాళ్లంటే గిట్టదని ఒక కథ పుట్టించారు. ఆయన పోయాక నాలుగు వందల ఏళ్లకి మొదలెట్టిన కట్టడం అది. ఒక స్త్రీ ఇచ్చిన బట్ట చుట్టుకుని మట్టిలోకి వెళ్లినవాడి పేరుమీద స్త్రీలకి గీత! ఇప్పుడా నిషేధం లేదు. మా చెల్లెలి కూతురికి అయిదేళ్లు. ఆ గీత మీద ఒంటికాలితో తొక్కుడుబిళ్ల ఆడుతుంటే వాళ్ల నాన్న కేకలేశాడు. నేను మాత్రం ఆడనిమ్మన్నాను.

తన చుట్టూ తను కట్టుకున్న గోడకీ, ఎవరో మన ముందు గీసిన గీతకీ ఎంత తేడా! మొదటిదానికి తలుపు ఉంటుంది. దాని గడియ మన చేతిలో ఉంటుంది.

అలాగని ఏకాంతం ఒక్కటే ఉంటే చాలా? మా నాన్నగారు పోయాక అమ్మ పదకొండేళ్లు ఆ నరసాపురం ఇంట్లో ఒక్కతే ఉంది. మేం రమ్మంటే వచ్చేది కాదు. మేమూ గట్టిగా రమ్మనలేదేమో. ఆదివారం ఫోన్లు, పండక్కి రెండు రోజులు. ఒకసారి వెళ్లినప్పుడు, దేవుడి గది తలుపు బార్లా తీసి ఉండడం చూసి, “ఇప్పుడు గడియ పెట్టుకోవటం లేదా అమ్మా?” అని హాస్యమాడాను. అమ్మ కూడా నవ్వింది. “కొట్టేవాళ్లుంటే కదే, గడియ పెట్టుకోడానికి!” అంది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఆ రాతిమీద కూచున్నప్పుడు మాత్రం నవ్వలేకపోయాను. అడిగినన్నాళ్లూ ఆమెకి గంటసేపు ఏకాంతం ఇవ్వలేదు. అడగనప్పుడు పదకొండేళ్ల ఒంటరితనం ఇచ్చాం. మొదటిదానికి సంజాయిషీ అడిగాం, రెండోదానికి ఎవరూ మమ్మల్ని సంజాయిషీ అడగలేదు.

ఏకాంతం కోరడం స్వార్థమా అన్న ప్రశ్నకి నాకు ఆ దీవి మీద తోచింది ఇదీ. ఆటు తీశాక పోటు రాకపోతే అది ఎడారి. పోటే ఉండి ఆటు లేకపోతే అది వరద. తిరిగి రావాలన్న తలంపు ఉన్నంతకాలం వెళ్లడం తప్పు కాదు. వెళ్లేవాళ్లని వెళ్లనివ్వడం ఎంత ధర్మమో, చాలాసేపు తలుపు తెరుచుకోకపోతే వెళ్లి తట్టడమూ అంతే ధర్మం. ఏది ఎప్పుడు అన్నది చెప్పడానికి మనుషులకి అచ్చు కాగితాలు ఉండవు. కాస్త కనిపెట్టి చూసుకోవాలి, అంతే.

నీరు తిరుగుముఖం పట్టింది. ఎదురుగా ఉన్న గుట్ట చుట్టూ సన్నటి వెండి తీగలా నీళ్లు చేరుతున్నాయి. “అక్కా, వేళవుతోంది!” అని మా చెల్లెలు పిలిచింది. చంకలో ఒకడు, చేత్తో పట్టుకున్నది ఒకతె. దాని ముఖం చూస్తే ముందురోజు జరిగిన సంగతి చప్పున గుర్తొచ్చింది. “అక్కా, ఒక గంట పిల్లల్ని చూస్తావా?” అని అడిగింది నన్ను. నేనేమన్నానో తెలుసా? “ఎందుకే? ఎక్కడికి?” అన్నాను. “ఎక్కడికీ లేదులే, ఊరికే” అని వంటింట్లోకి వెళ్లిపోయింది. కిటికీ సందులోంచి చూసి తలుపు బాదిన పదేళ్ల పిల్ల నాలో ఇంకా అలాగే ఉంది!

డర్హం నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం, దాన్ని చెయ్యి పట్టుకుని మేడమీది గదిలోకి తీసుకెళ్లి, “గంటదాకా కిందికి రాకు” అన్నాను. “ఎందుకక్కా?” అంది ఈసారి అది. “ఊరికే” అన్నాను. నేను మెట్లు దిగుతుంటే వెనక గడియ పడిన చప్పుడు వినిపించింది.

పావుగంట కాకుండానే పిల్ల మెట్ల దగ్గరికి వచ్చింది. “అమ్మ ఏం చేస్తోంది పెద్దమ్మా?”

“ఏమీ చెయ్యట్లేదు. అందుకే తలుపు కొట్టకూడదు” అన్నాను.