నవ్వులోని స్మృతి

హాస్యము మనుష్యుని కష్టములను మరపించునని లోకమున ఒక నమ్మకము స్థిరపడియున్నది. పొలమునందో, చేపలచెరువు గట్టుమీదనో, కార్యాలయమునందో పగలంతయు అలసివచ్చినవాడు రాత్రివేళ ఒక హాస్యచిత్రమును చూచి, కడుపార నవ్వి, తన బాధను కొంతసేపు ప్రక్కకు నెట్టి నిద్రపోవుచున్నాడు గనుక ఆ నమ్మకమునకు దినదినము ప్రమాణము దొరకుచునేయున్నది. కాని ఒక హాస్యనటుని ఆత్మకథను నింపాదిగా, మనసు పెట్టి చదివినపుడు ఆ నమ్మకమునకు అడుగున మఱియొక సత్యము కలదని నాకు దృఢముగా తోచినది. నవ్వు కష్టమును తుడిచివేయదు. మనసు మోయగల రూపమున దానిని భద్రపరచును. విస్మృతికి సాధనమని మనము తలచెడి హాస్యము నిజమునకు సామాన్యజనుల స్మృతికి ప్రధానమైన ఆశ్రయము.

తెలుగున స్వీయచరిత్రలకు కొదువ లేదు. కందుకూరి వీరేశలింగము పంతులు సంఘసంస్కరణమును, టంగుటూరి ప్రకాశము పంతులు స్వాతంత్ర్యసమరమును తమ జీవితకథలతో పెనవేసి వ్రాసిరి. పశ్చిమగోదావరి సీమయందలి ఖండవల్లిలో 1867లో జన్మించి, చూపు పోయిన పిదపయు తాను చెప్పుచు ఇతరులచే వ్రాయించుచు సాహిత్యకృషి సాగించిన చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులు, ‘గణపతి’ వంటి హాస్యనవలతోపాటు తన స్వీయచరిత్రమును కూడ మనకు అందించినారు. ఇట్టి గ్రంథములలో సంస్కర్త వ్రాసినదానికిని హాస్యకారుడు వ్రాసినదానికిని ఒక భేదము కానవచ్చును. సంస్కర్త కథలో ప్రతి చిన్న సంఘటనయు ఒక మహాకార్యమునకు మెట్టుగా నిలుచును. ఆ కార్యము సిద్ధించినతోడనే మెట్టుతో పని తీరిపోవును. హాస్యకారుని కథలో చిన్న సంఘటన తనకొఱకే తాను నిలుచును. అందని జీతము, చినిగిన చొక్కా, పరుల యింట తిన్న ముద్ద, ఇవి దేనికిని మెట్లు కావు, ఇవియే జీవితము.

నేను ఏలూరులో, వేసవి దినములలో, రోజునకు కొన్ని పుటల చొప్పున చదివినది కన్నెగంటి బ్రహ్మానందము గారి ‘నేను మీ బ్రహ్మానందమ్’ అను ఆత్మకథ. 1987లో జంధ్యాల దర్శకత్వమున వచ్చిన ‘అహ నా పెళ్ళంట’లోని అరగుండు పాత్ర మొదలుకొని, వేయింటికి పైబడిన చిత్రముల వరకును, 2009 నాటి పద్మశ్రీ వరకును గల కథ తెలుగువారికి కొత్తది కాదు, దానిని తెలిసికొనుటకు పుస్తకమే అక్కరలేదు. నా దృష్టి 1987కు ముందున్న భాగముపైననే నిలిచిపోయినది. సత్తెనపల్లి ప్రాంతమున 1956లో ఒక పేదకుటుంబమున పుట్టి, పరుల ఆదరణతో చదువుకొని, తెలుగు ఎం.ఏ. పట్టము పొంది, మా సీమలోని అత్తిలి కళాశాలలో తెలుగు ఉపన్యాసకుడుగా పాఠము చెప్పిన మనుష్యుడు ఆ భాగమున ఉన్నాడు. నిడదవోలు నుండి తణుకు, అత్తిలి, భీమవరము, ఆకివీడు, కైకలూరుల మీదుగా, కొల్లేటి సరస్సు దాపులనుండి గుడివాడకు పోవు రైలుమార్గమున ప్రయాణించిన ప్రతివానికిని అట్టి ఉపన్యాసకులు పరిచితులే. చేతిలో సంచి, జేబులో కలము, నెలాఖరు లెక్కలు నిండిన తల గల ఆ మనుష్యులను ఎవరును పరికించి చూడరు.

వారు మాత్రము అందఱిని చూచుచుందురు. పాఠము చెప్పువాని విద్యలో సగము పుస్తకమునందు లేదు. ఎదుట కూర్చున్న నలువది ముఖములను ఏకకాలమున చదువుటయందున్నది. ఎవనికి ఆకలిగానున్నది, ఎవడు నిన్న రాత్రి తండ్రిచేత తిట్లు తిన్నాడు, ఎవడు అర్థము కాకున్నను తల ఊపుచున్నాడు అనునది క్షణములో గ్రహింపనివాడు ఆ గదిలో నిలువజాలడు. నిడమఱ్ఱులో 1951లో జన్మించిన ఎమ్. ఎస్. నారాయణ గారు సైతము భీమవరమున తెలుగు పాఠము చెప్పినవారే. ఒకే సీమలో, ఒకే వృత్తినుండి ఇద్దఱు హాస్యనటులు వెండితెరకు వెళ్ళుట కేవలము యాదృచ్ఛికమని నేను అనుకొనను. తరగతి గదిలో ఏళ్ళతరబడి కూడబెట్టిన ముఖములే తరువాత వారి ముఖములమీద కదలినవి. తడబడుచు గాంభీర్యము నటించువాడు, అవమానమును మ్రింగి నవ్వువాడు, తెలియనిదానిని తెలిసినట్లు చెప్పువాడు, వీరందఱు తణుకు బస్సులో మన ప్రక్కన కూర్చున్నవారే.

ఆ పుస్తకములోని బాల్యకథను నేను మా పెద్దమ్మకు చదివి వినిపించితిని. ఆమె మెట్టినిల్లు కొల్లేటి లంకగ్రామము. ఇప్పుడు చూపు తగ్గి మాతో ఏలూరులో ఉన్నది. కొంతసేపు విని, “ఏరా, నవ్వించేవాడి పుస్తకమంటివి, ఇందులో అంతా కష్టమే కదరా!” అన్నది. మఱికొంతసేపటికి నన్ను చదువుట ఆపుమని, తన కథ ఎత్తుకొన్నది. ఒక వఱదలో కొల్లేరు పొంగి నీరు ఇంటి నడవలోనికి వచ్చినప్పుడు, తాటిదోనె గుమ్మము ముందు ఆగగా, ఆమె అత్తగారు బట్టల ట్రంకుపెట్టెను, కాగితములను విడిచి, ముందుగా ఆవకాయజాడీని దోనె యెక్కించినదట. మామగారు కేకలువేయగా, “పెట్టె పోతే మళ్ళీ కొనుక్కుంటాం, జాడీ పోతే ఏడాదంతా ఏం తింటాం?” అని ఆ జాడీని ఒడిలో పెట్టుకొని దోనెలో కూర్చున్నదట. ఇది చెప్పుచు పెద్దమ్మ కన్నుల నీరు కాఱునంతగా నవ్వినది. ఆ వఱదలో వారికి పైరు పోయినది, రెండు గేదెలు పోయినవి. ఆ నష్టమును ఆమె ఎన్నడును విడిగా చెప్పియుండలేదు. జాడీ కథతోపాటే, దాని నీడలోనే, అది మాకు చేరినది. కొల్లేటి మత్స్యకారులు పట్టిన చేపను ఉప్పు చల్లి ఎండబెట్టి వర్షకాలమునకు దాచుకొన్నట్లు, ఆమె తన దుఃఖమును నవ్వుతో దాచుకొన్నది. నవ్వు లేకయుండినయెడల ఆ వఱద ఆమె మనసులోనే కుళ్ళిపోయియుండును, లేక పూర్తిగా మఱపునబడి మాకు దక్కకపోయియుండును.

మన ప్రాచీనులు ఈ విషయమును ఎఱుగనివారు కారు. సంస్కృతనాటకములలో రాజు, మంత్రి, ఋషి సంస్కృతమున మాటలాడుచుండగా, బ్రాహ్మణుడై పుట్టినను విదూషకుడు ప్రాకృతముననే మాటలాడును. రాజు విరహమున కరగిపోవుచుండగా అతడు భోజనవేళ తప్పుచున్నదని చింతించును. అది ప్రేక్షకులను నవ్వించుటకు చేసిన ఏర్పాటు మాత్రమే కాదని నా భావము. ప్రపంచమున ఎంత గొప్ప ప్రేమకథ నడచుచున్నను ఆ పూట అన్నము వండవలసియే యుండునను సత్యమును రంగస్థలముమీద నిలబెట్టు బాధ్యత అతనికి అప్పగింపబడినది. భరతముని హాస్యము ఆత్మస్థము, పరస్థము అని రెండు విధములనెను: తాను నవ్వునది ఆత్మస్థము, పరుని నవ్వించునది పరస్థము. నటుడు తన వృత్తిజీవితమంతయు రెండవదానికి వెచ్చించును. వయస్సు పైబడి కలము పట్టి కూర్చున్నపుడు గాని అతనికి మొదటిదానికి తీరిక చిక్కదు. అట్టి సమయమున అతడు తన పేదరికమును, భయములను తేఱిపాఱ చూచి, వానిని ద్వేషింపక, వానికి సిగ్గుపడక, చిఱునవ్వుతో పలుకరించును. హాస్యనటుని ఆత్మకథలో మనలను ఆకర్షించునది ఈ పలుకరింపే.

దూరదేశపు సాక్ష్యమును ఇదే చెప్పుచున్నది. 1964లో వెలువడిన తన ఆత్మకథలో చార్లీ చాప్లిన్ లండను నగరమందలి తన దరిద్రబాల్యమును, తల్లి వ్యాధిని, అనాథలవలె పెరిగిన దినములను విపులముగా వ్రాసెను. అందులో ఒక సంఘటన నా మనసున ముద్రపడినది. కబేళాకు తోలుకొనిపోవుచున్న ఒక గొఱ్ఱె తప్పించుకొని వీథిలో పరుగెత్తగా, దానిని పట్టుకొనబోయినవారు ఒకరిమీద నొకరు పడుచుండుట చూచి బాలుడైన చాప్లిన్ పగలబడి నవ్వెను. దానిని పట్టి తిరిగి తీసికొనిపోవునపుడు జరుగబోవునది తెలిసి ఏడ్చుచు తల్లికడకు పరుగెత్తెను. తన చిత్రములలో విషాదమును హాస్యమును కలసిపోవుటకు ఆ దృశ్యమే బీజమైనదేమోయని ఆయన తరువాత ఆలోచించినాడు. ఆ నవ్వు లేనియెడల ఆ యేడ్పు అన్ని దశాబ్దములు అంత స్పష్టముగా ఆయనకు గుర్తుండెడిది కాదని నేను నమ్ముచున్నాను.

మా ప్రాంతమునకే మరలివచ్చినయెడల, తాడేపల్లిగూడెమున ‘రేలంగి చిత్రమందిరము’ అను పేరు వినని పెద్దలుండరు. 1910లో జన్మించి, కాకినాడ నాటకసమాజములలో స్త్రీపాత్రలు ధరించి, 1935లో ‘శ్రీకృష్ణ తులాభారము’తో చలనచిత్రరంగమున అడుగిడి, స్థిరమైన గుర్తింపు వచ్చువరకు దశాబ్దమునకు పైగా చిన్న పాత్రలతోను, చిత్రనిర్మాణమునందలి చిల్లర పనులతోను కాలము గడపిన హాస్యనటుడు రేలంగి వెంకటరామయ్య గారు, 1970లో పద్మశ్రీ పొందియు, ఈ తాడేపల్లిగూడెమునే తన ఊరుగా చేసికొని 1975లో కన్నుమూసిరి. ఆయన దేవయ్యగా నటించిన ‘మిస్సమ్మ’ 1955లో వచ్చినది. దర్శకుడు ఏలూరు దగ్గఱి సోమవరప్పాడున పుట్టిన ఎల్. వి. ప్రసాద్ గారు. ఉద్యోగము దొరకని ఇద్దఱు విద్యావంతులు, మతములు వేఱైనను, బడిపంతుళ్ళ కొలువుకొఱకు భార్యాభర్తలమని అబద్ధమాడుట ఆ కథకు మూలము. ఆనాటి చదువుకొన్నవారి నిరుద్యోగమును గూర్చి ఎన్ని ఉపన్యాసములు జరిగినవో, ఎన్ని వ్యాసములు వెలువడినవో నేడు ఎవరికిని జ్ఞాపకము లేదు. ఆ బాధ మాత్రము తెలుగువారి మనసులలో చెక్కుచెదరక నిలిచియున్నది. తరతరములు ఆ చిత్రమును చూచి నవ్వుచున్నవి గనుకనే అది నిలిచినది.

మా పెద్దమ్మ కథకు తావైన కొల్లేటి విషయమునను దస్తావేజులకు లోటు లేదు. 1999లో ఐదవ కాంటూరు వరకును అభయారణ్యముగా ప్రకటించినారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల రామ్‌సార్ పట్టికలో చేర్చినారు. 2006లో చేపలచెరువుల గట్లను యంత్రములతో తెగగొట్టించినారు. ఈ సంవత్సరములు, ఈ ఉత్తర్వులు పుస్తకములలో ఉండును, ఉండవలసినవే. కాని గట్టు తెగిన నాటి రాత్రి లంకలోని యింటిలో ఏమి వండుకొన్నారు, ఎవరు ఎవరిని ఏమని ఓదార్చిరి, ఆ ఓదార్పులో ఏ మాటకు అందఱు ఒక్కసారిగా నవ్విరి అనునది ఏ దస్తావేజునందును లేదు. చరిత్ర విడిచిపెట్టిన ఈ భాగమే హాస్యకారునికి నిలయము.

ప్రసిద్ధుడైనవాడు తన సామాన్యతను గూర్చి వ్రాసినపుడు మనము చదువుచున్నాము గాని, సామాన్యుడే వ్రాసినయెడల ఎవరు చదువుదురని ఒక ఆక్షేపణ రాగలదు. అది త్రోసిపుచ్చదగినది కాదు. కీర్తి అను దీపము లేకున్న ఆ అత్తిలి ఉపన్యాసకుని గది మనకు కనిపించియుండదు. అయినను హాస్యనటుని కీర్తి ఇతరుల కీర్తివంటిది కాదు. నాయకుని చూచి మనము అట్లు కావలెనని కోరుకొందుము. హాస్యనటుని చూచి మనము ఇట్లే ఉన్నామని గుర్తింతుము. నేడు తెలుగు యువతీయువకులు తమ చేతిఫోనులలో చిన్న విసుగును, చిన్న ఆశ్చర్యమును, జీతము రాని నెలాఖరును, పరీక్ష తప్పిన నిరాశను ఒకరికొకరు తెలుపుకొనుటకు మీమ్స్ రూపమున బ్రహ్మానందము గారి ముఖమునే పంపుకొనుచున్నారు. కోట్లమంది తమ నిత్యజీవితమును చెప్పుకొనుటకు ఒక ముఖమును లిపిగా స్వీకరించుట అసాధారణవిషయము. ఆ ముఖము వారి బ్రతుకులనుండి సేకరింపబడినది గనుకనే వారి బ్రతుకులకు సరిపోయినది.

కనుక అట్టి ఆత్మకథను చదివి మూసివేయుటతో పాఠకుని పని ముగియదని నేను భావించుచున్నాను. పెద్దమ్మ నన్ను చదువుట ఆపుమని తన కథ చెప్పినప్పుడే ఆ పుస్తకము తన ప్రయోజనమును నెఱవేర్చినది. మన ఇండ్లలో వృద్ధులున్నారు. వారిని కష్టములు చెప్పుమని అడిగిన, చాలమంది మౌనము వహింతురు. ఆ కష్టకాలమున నవ్వు వచ్చిన సంగతి ఏదైన చెప్పుమని అడిగిన, కష్టమంతయు దానివెంట తానే వచ్చును. అత్తిలిలోను, భీమవరములోను, ఏలూరులోను నేడు తెలుగు పాఠము చెప్పుచున్న ఉపన్యాసకులు తమ విద్యార్థులచేత ఇట్టి కథలను ఇంటింట అడిగించి వ్రాయింపవలెనని నా కోరిక. వానిలో ఒక్కటియు అచ్చు కాకపోయినను నష్టము లేదు. తన యింటివారు ఏమేమి ఓర్చి, ఏ మాటకు నవ్వి నిలబడిరో తెలిసిన బాలుడు, తన వంతు కష్టము వచ్చిననాడు తాను ఒంటరినని అనుకొనడు.