వెళ్ళిపోయే చోట విత్తనం వేయాలా?

డ్యూటీ వల్ల ఈ శుక్రవారం కూటానికి రాలేకపోయిన వాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

పోయిన వారం ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, డబ్బాల్లో కూరగాయలు పెట్టుకోమంటావు. మన కాంట్రాక్టు రెండేళ్ళు. కాసేదాకా ఇక్కడ ఉంటామో లేదో. ఎందుకన్నా ఈ శ్రమ?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే పదకొండేళ్ళు నా ప్రశ్న కూడా అదే.

మాది రాయచోటి పక్క పల్లె. 2005లో కువైట్‌కు కూలికి వచ్చినా. వచ్చిన రోజు నుంచి "ఇది మన ఊరా ఏంది?" అనే మాటే. మంచం కింద పెట్టె పూర్తిగా విప్పలేదు. పక్క మంచం మనిషి పేరు తెలుసు గానీ, ఆయనకు పిల్లలెంతమందో అడగలేదు. ఊరికి పోయినాక బతుకుదాంలే అనుకున్నా. ఆ "పోయినాక" కోసం ఎదురుచూస్తానే తల నెరిసింది.

ఒకరోజు ఫోనులో మా ఆవిడ అనింది: "ఏమయ్యా, రోజూ పప్పే తింటాండావు. నాలుగు మెంతులన్నా చల్లుకోరాదా?" సరేనని ఖాళీ నూనె డబ్బాలో చల్లినా. అది జూన్ నెల! జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు మనుషుల్నే ఎండలో పని చేయించకూడదని ఇక్కడి ప్రభుత్వం చెప్తుంది. మరి ఆ మొలక ఎట్లా నిలబడుతుంది? మూడు రోజుల్లో మాడిపోయింది. మళ్ళీ అక్టోబరులో వేస్తే బతికింది.

కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకు నేను చెడగొట్టుకుని నేర్చుకున్నవి చెప్తా:

🌱 ముందు క్యాంపు పెద్దను అడగండి. మెట్లకు, దారికి అడ్డం పెట్టొద్దు.
🌱 డబ్బా అడుగున నాలుగైదు చిల్లులు పెట్టండి. నీళ్ళు నిలిస్తే వేర్లు కుళ్ళుతాయి.
🌱 ఉత్త ఇసుక చాలదు. కొన్న మట్టి, ఎరువు కలపండి.
🌱 మొదట మెంతికూర, తోటకూర, పుదీనా. కొత్తిమీరకు ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి వేయండి. టమాటా తర్వాత.
🌱 వేలు పెట్టి చూసి, మట్టి ఆరితేనే నీళ్ళు పోయండి. నీళ్ళు లేక చచ్చేవాటికంటే, మన ప్రేమ ఎక్కువై చచ్చేవే ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. జనవరికి నా ఆరు డబ్బాల్లో టమాటా పిందెలు పడినాయి. ఆ వారమే క్యాంపు మారమన్నారు. బస్సులో బ్యాగులకే చోటు. నాకు కోపం వచ్చింది. నేను నీళ్ళు పోస్తే ఎవడో వచ్చి తింటాడా అని, రాత్రిపూట రెండు మొక్కలు వేర్లతో సహా పీకేసినా. మూడోదాని మీద చేయి వేసినప్పుడు పక్క మంచం పెద్దాయన లేచి చూసినాడు. ఏమీ అనలేదు. మగ్గుతో నీళ్ళు తెచ్చి మిగతా నాలుగింటికి పోసి, పోయి పడుకున్నాడు. ఆయన కూడా మాతో పొద్దున్నే బస్సు ఎక్కాల్సిన మనిషే!

ప్రియులారా, యిర్మీయా 29వ అధ్యాయం చదవండి. బబులోనుకు చెరపట్టబడిన వాళ్ళకు ప్రవక్త ఉత్తరం రాస్తాడు. పెట్టె సర్దుకుని కూర్చోమనలేదు. ఇళ్ళు కట్టుకోమన్నాడు, తోటలు నాటుకోమన్నాడు, ఆ పట్టణం మేలు కోరమన్నాడు. తిరిగి రావడానికి 70 ఏళ్ళని కూడా చెప్పినాడు. అంటే నాటిన వాళ్ళలో ఎంతోమంది తిరిగిపోకుండానే కన్నుమూస్తారని తెలిసీ చెప్పిన మాట అది.

"అన్నా, మనం కష్టపడితే వేరేవాళ్ళు తినడం న్యాయమా?" అంటారా? న్యాయమైన ప్రశ్నే. ద్వితీయోపదేశకాండము 28లో, ద్రాక్షతోట నాటి దాని పండు తినలేకపోవడాన్ని శాపాల్లోనే రాసినారు. కూలివాడి జీతం ఎగ్గొట్టినవాడికి "దీవెనగా వదిలేయండి" అని నేను ఎప్పుడూ బోధించను. అది దోపిడీ, అడగాల్సిందే.

కానీ నా టమాటాలను ఎవరూ దోచుకోలేదు. నేను వెళ్ళిపోతున్నా, అంతే. క్యాంపు మార్చడం నా చేతిలో లేదు. మొక్కను పీకడమా, నీళ్ళు పోయడమా అన్నది మాత్రం నా చేతిలోనే ఉంది. పీకిన రెండింటి కాయలు నాకూ దక్కలేదు, ఇంకెవరికీ దక్కలేదు. మా ఊర్లో నేను రాళ్ళేసి కాయలు కొట్టుకు తిన్న చింతచెట్టు ఎవరు నాటినారో మా అవ్వకే తెలీదు. ఆ నాటినాయన కూడా నాలాగే ఆలోచించి ఉంటే?

మిగిలిన ఆ నాలుగు మొక్కలు కాసినాయో లేదో, ఎవరు తిన్నారో నాకు తెలీదు. కొత్త క్యాంపులో మాత్రం మొదటి రోజే పెట్టె మొత్తం విప్పినా. పెద్దాయనను పిల్లల గురించి అడిగినా. ముగ్గురు ఆడపిల్లలంట.

తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇదే నా జవాబు. రెండేళ్ళు కూడా బతుకే. విత్తనం వేయి.

ప్రార్థన: తండ్రీ, మేము ఉన్న చోటనే మేలు చేసే మనసు ఇవ్వు. వెళ్ళేటప్పుడు పీకే చేయి కాక, నీళ్ళు పోసే చేయి ఇవ్వు. యేసు నామంలో, ఆమేన్.

పెట్టె ఇంకా విప్పని వాళ్ళు మీ రూములో ఉంటే, ఈ మాట వాళ్ళకు పంపండి. 🙏